ఆదివారం పిల్లలకు బతుకమ్మ పేర్చడం నేర్పిద్దాం

అందరికీ నమస్కారం. పెత్రామాస (భాద్రపద అమావాస్య) దగ్గరికొచ్చింది, ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండుగ మొదటి రోజు. అంతకంటే ముందు, ఈ ఆదివారం పొద్దున 8 గంటలకు కమ్యూనిటీ హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి బతుకమ్మ పేర్చడం నేర్పిద్దాం.

నిరుడు చాలామంది పిల్లలు కొన్న బతుకమ్మలే పట్టుకొచ్చారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ తాంబాళంలో గుమ్మడాకు పరిచి, గునుగు పూల కాడలు ఒకే పొడవుకు కత్తిరించి, తంగేడు, బంతి వరుసలు తిప్పుతూ, నడుమ ఖాళీలో ఆకులు కూరి అదిమితేనే కూలకుండా నిలబడుతుందని చేత్తో చేస్తేనే తెలుస్తుంది. పెద్దమ్మలూ, అత్తమ్మలూ, ఈ పని మీకే బాగా వచ్చు. తప్పకుండా రండి, పాటలు కూడా నేర్పండి.

గునుగుకు కెమికల్ రంగులు వద్దు, అదంతా చెరువులోకే పోతుంది. పసుపు నీళ్లు చాలు. అసలు తెల్ల గునుగే ఎంత అందంగా ఉంటుందో!

అన్నలూ, కాలేజీ తమ్ముళ్లూ, పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ తెల్లారి చెరువు గట్టు మీద కవర్లు, అగరబత్తి ప్యాకెట్లు ఏరడానికి పదిమంది కావాలి. గ్లవ్స్, సంచులు మేం తెస్తాం. వచ్చేవాళ్లు ఇక్కడే పేరు పెట్టండి.