మీ వీధికి సీసీనా, బీటీనా?

తిరుపతి

ఒరే శీనా,

నీ ఉత్తరం అందింది. మీ కాలనీలో సగం మంది సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు రోడ్డే కావాలంటా ఉండారు, సగం మంది బీటీ, అంటే తారు రోడ్డు చాలంటా ఉండారు, మీటింగులో అరుచుకున్నారని రాస్తివి. రోడ్డు పనుల్లో తిరిగేవాడివి, నువ్వే ఒక మాట చెప్పరా అన్నావు. చెప్తాను, అయితే కొంచెం పొడుగవుతాది, ఓపిగ్గా చదువు.

ఏ రోడ్డు వేయాలా అని కొట్లాడుకోక ముందు, మీ వీధిలో వాన నీళ్లు ఎటు పోతాయో చూడండి. తారుకి నీళ్లే శత్రువు. జల్లిని పట్టుకోని ఉండేది దాని చుట్టూ ఉండే సన్నటి తారు పొర. నీళ్లు నిలబడిన చోట బండి చక్రం పోయినప్పుడల్లా ఆ నీళ్లు ఒత్తిడితో లోపలికి దూరతాయి, తారు పొర రాయిని వదిలేస్తాది. ఒక్క రాయి లేచిందంటే దాని పక్కది లేస్తాది, వారానికల్లా గుంత. మనకేమో పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లోనే. 2021 నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో నీకు తెలుసు కదా. కాలువ లేని వీధిలో తారు వేస్తే ఆ మూడు నెలలూ దాటడం కష్టం. తారే వేసేటట్టయితే సెప్టెంబరు లోపల పని అయిపోవాల.

అట్లని తారు పనికిరాదనే వాళ్ల మాట నేను ఒప్పుకోను. పుణెలో జంగ్లీ మహారాజ్ రోడ్డని ఉండాది. 1970లలో వేసింది, తారు రోడ్డే. దశాబ్దాలు గడిచినా గుంత పడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన తిరుమల కొండకి 1944 నుంచి ఘాట్ రోడ్డు ఉండాది. అట్లాంటి చోట రాకపోకలు ఎక్కువ రోజులు ఆపడానికి లేదు. తారయితే రాత్రి వేసి, రోలర్ తిప్పి, చల్లారినాక తెల్లారి బండ్లు వదలచ్చు. కాంక్రీటుకి పూర్తి బలం రావాలంటే 28 రోజులు లెక్క.

తారు చెడేది ఎక్కువగా వేసే రోజే రా. ప్లాంటులో మిక్స్ దాదాపు 150 డిగ్రీల వేడి మీద బయల్దేరతాది. టిప్పరు మీద టార్పాలిన్ కప్పకుండా తెచ్చినా, దోవలో ఆలస్యమైనా చల్లబడిపోతాది. 90 డిగ్రీల కంటే దిగిందంటే ఎన్నిసార్లు రోలర్ తిప్పినా అణగదు, లోపల సందులు మిగిలిపోతాయి, నీళ్లు దూరేది ఆ సందుల్లోకే. ఇంకోటి, పాత రోడ్డు మీద దుమ్ము సుబ్బరంగా ఊడ్చి ట్యాక్ కోట్, అంటే పాత పొరకి కొత్త పొర అంటుకునేదానికి పలచటి తారు, కొట్టకపోతే కొత్త పొర పెనం మీది దోసె మాదిరి లేచొస్తాది. పని జరిగేటప్పుడు మీలో ఇద్దరు నిలబడి ఈ రెండూ చూసుకోండి.

ఇంక మీ మెయిన్ రోడ్డు నుంచి కాలనీలోకి వచ్చే దోవ. మామిడి కాయల టైములో గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు, లారీలు అక్కడ వరసగా ఆగుతాయని రాస్తివే, నాకు అసలు దిగులు దాని గురించే. పరిగెత్తే బండి కన్నా ఎండలో గంటలు గంటలు నిలబడే బండి తారుని ఎక్కువ నొక్కతాది. తారు మెత్తబడి చక్రాల కింద పల్లం పడతాది, ఆ పల్లంలో మళ్లీ నీళ్లు. 1950ల చివర్లో అమెరికాలో ఇల్లినాయ్‌లో ఇదే పనిగా రోడ్లు వేసి, లారీలు తిప్పి చూసినారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి తగిలే దెబ్బ దగ్గర దగ్గర పదహారింతలని తేలింది. వెయ్యి స్కూటర్లు పోయినా కానిది ఓవర్‌లోడ్ లారీ ఒక్కటి చేస్తాది. ఆ ముక్క వరకు కాంక్రీటే అడగండి. వీధుల్లో వేసే 6 అంగుళాలు చాలదు, 8 అంగుళాలకి తగ్గనీయొద్దు, కింద డీఎల్‌సీ పొర, అంటే సిమెంటు, నీళ్లు తక్కువగా కలిపిన గట్టి కాంక్రీటు పొర కూడా ఉండాల.

లోపలి వీధులకి కూడా నా ఓటు సీసీకే. అయితే పైపులన్నీ ముందు వేసినాకే. కొళాయి పైపు, డ్రైనేజీ, కేబుల్ అన్నీ వేసి, భవిష్యత్తులో కావాలంటే ఉండేదానికి రోడ్డుకి అడ్డంగా అక్కడక్కడా ఖాళీ పీవీసీ పైపులు కూడా పూడ్చిపెట్టమనండి. మా పక్క వీధిలో సీసీ వేసిన కొన్ని నెలలకే కొళాయి కనెక్షన్లకని మధ్యలో కోసినారు. ఆ గాడిలో మట్టి నింపి పైన సిమెంటు పూసి పోయినారు. ఇప్పుడు స్కూటరు మీద పోతే ప్రతి ఇంటి ముందరా నడుము అదురుతాది. తారునైతే తవ్వి అతుకు వేయచ్చు, కాంక్రీటు పలక ఒకసారి తెగిందంటే మొదటి మాదిరి కాదు.

లెవెలు సంగతి మర్చిపోవద్దు, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది పోసుకుంటా పోతారు. మా పెద్దమ్మ వాళ్లింటికి చిన్నప్పుడు మూడు మెట్లెక్కి పోయేవాళ్లం, గుర్తుందా? ఇప్పుడు రోడ్డు మీద నుంచి గడపలోకి దిగాల. వానొస్తే గోనె సంచులు అడ్డం పెట్టుకోని కూర్చుంటాది పాపం. పాత రోడ్డు తవ్వి తీసి, అదే లెవెల్లో వేస్తామని కాగితం మీద రాయించుకోండి.

సీసీ వేసినాక ఒక రోజు లోపల నాలుగు మీటర్లకొక చోట రోడ్డుకి అడ్డంగా సన్నటి గాడి మాదిరి జాయింట్ కట్ చేయాల. ఆలస్యమైతే కాంక్రీటు తన ఇష్టమొచ్చిన చోట పగులుతాది. రెండు వారాలు తడి ఆరనీయకుండా గోనె పట్టాలు కప్పి నీళ్లు పెట్టాల. మన ఎండల్లో కాంట్రాక్టరు మనిషి ఒకడి మీదే వదిలితే జరగదు, ఇంటింటికీ వంతు వేసుకోండి. బండ్లు ఆ రెండు వారాలూ బయటే.

ఖర్చు గురించి అడిగితివి. మొదట సీసీకే ఎక్కువ. తారుకి కొన్నేళ్లకొకసారి పైపొర మళ్లీ వేయాల, దాని ధర ముడిచమురుతో పాటు ఎగస్తా ఉంటాది. సిమెంటయితే మనకి కడప జిల్లా ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలు దగ్గరే. ముప్పై ఏళ్ల లెక్క కడితే సరిగ్గా వేసిన సీసీనే చౌక.

వీధి వెడల్పు, కాలువ లోతు, నీళ్లు ఎటు వాలతాయో టేపు పెట్టి కొలిచి రాయి. ఎస్టిమేట్ జిరాక్స్ దొరికితే అది కూడా పంపు, మీ మీటింగు లోపల చూసి చెప్తాను. అమ్మని అడిగినానని చెప్పు.

నీ
మోహన్