నెలలు నిండినా బరువు లేదెందుకు?

అయ్యా,

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బరువు తక్కువంటే ఎవరికైనా అర్థమవుతుంది. 37 వారాలు నిండాక పుట్టినా 2,500 గ్రాములు లేకపోతే, చాలాసార్లు కడుపులోనే ఎదుగుదల మందగించిందన్నమాట. తల్లికి బీపీ ఎక్కువైతే మాయకు రక్తం సరిగా చేరక బిడ్డకు పోషకాలు, ఆక్సిజన్ తగ్గిపోతాయి. రక్తహీనత, గర్భానికి ముందే తల్లి బక్కగా ఉండడం, మరీ చిన్న వయసు, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం కూడా ముప్పు పెంచేవే. సిగరెట్ సంగతి వేరే చెప్పాలి: తాగేది ఆమె కాకపోయినా, పక్కన భర్త వదిలే పొగ కూడా ప్రమాదమే. అయినా బిడ్డ సన్నగా పుడితే ‘సరిగా తినలేదా?’ అని అడిగేది తల్లినే (నన్నూ అడిగారు). ప్రతి చెకప్‌లో బరువు, బీపీ చూడడంతో పాటు 24 వారాల నుంచి పొట్ట ఎదుగుదలను టేపుతో కొలవాలి. దానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలే.

– ఒక తల్లి