దేశాన్ని గుర్తించకపోయినా, అక్కడ పుట్టిన పిల్లల కాగితాలనైనా గుర్తించాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాల్డోవా నుంచి విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియా, జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా లాంటివి తమకు తామే దేశమని ప్రకటించుకున్నా ప్రపంచంలో చాలా దేశాలు గుర్తించని చోట్లు. మన పత్రికల్లో వీటి గురించి ఎప్పుడు వార్త వచ్చినా రష్యా ఏమంది, యూరప్ ఏమంది అనే దగ్గరే ఆగిపోతుంది. అక్కడ బతికే మనుషుల గురించి ఒక్క లైను కూడా ఉండదు. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను, మ్యాపులో చుక్కల గీతతో చూపించే ఇలాంటి ప్రాంతాలను నేనూ పిల్లలకు సరిగ్గా చెప్పలేదు, ఆ బాధ కూడా ఉంది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి కొడుకు ఇంటర్ అయ్యాక ఒక కన్సల్టెన్సీ వాళ్లు సైప్రస్‌లో ఇంజనీరింగ్ సీటు అన్నారు, యూరప్ డిగ్రీ అన్నారు, అడ్వాన్సు కట్టమన్నారు. వాళ్లిచ్చిన కాగితం మీద అడ్రసు చూస్తే చివర్లో 'మెర్సిన్ 10, టర్కీ' అని ఉంది. సైప్రస్ అంటూ అడ్రసులో టర్కీ ఏందని కూర్చుని వెతికితే అది ఉత్తర సైప్రస్ అని తేలింది. 1974లో టర్కీ సైన్యం దిగిన భాగం అది, 1983 నవంబరు 15న స్వతంత్రం ప్రకటించుకుంది, టర్కీ తప్ప ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. అక్కడికి ఉత్తరం రాయాలన్నా టర్కీ ఊరి పేరే వేయాలి, విమానం కూడా టర్కీ మీదుగానే పోవాలి. మన హైకమిషన్ సైప్రస్ రాజధాని నికోసియాలోనే ఉంది కానీ మన దేశం గుర్తించింది దక్షిణం వైపు ప్రభుత్వాన్ని, ఉత్తరాన మనవాడికి ఏదైనా జరిగితే మనవాళ్లు ఎంతవరకు ఆదుకోగలరో ఆలోచించండి. మేం డబ్బు కట్టలేదు. (మన జనరల్ తిమ్మయ్య గారు ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి కమాండర్‌గా ఉండి 1965 డిసెంబరులో చనిపోయింది ఆ సైప్రస్‌లోనే. ఆ దళం ఇంకా అక్కడే ఉంది.)

అయితే గుర్తింపు లేకపోతే ఇలాంటి ప్రాంతాలు కూలిపోతాయి అనుకోవడం తప్పు. 1991లో సోమాలియా నుంచి విడిపోయిన సోమాలిలాండ్ దశాబ్దాల పాటు గుర్తింపు లేకుండానే సొంత కరెన్సీ, సొంత పోలీసులు, ఎన్నికలతో నడిచింది. ట్రాన్స్‌నిస్ట్రియాలో 1992 జులైలో కాల్పులు ఆగాయి, అప్పటి నుంచి అదీ అట్లాగే ఉంది. వీటిలో చాలావాటిని నిలబెట్టేది ఒక గ్యాస్ పైపో, ఒక రోడ్డో, పక్క దేశం సైన్యమో. అది ఆగిన రోజు అసలు సంగతి తెలుస్తుంది. 2025 జనవరి 1న ఒప్పందం ముగిసి ఉక్రెయిన్ మీదుగా వచ్చే రష్యా గ్యాస్ ఆగిపోయింది, నడి చలికాలంలో ట్రాన్స్‌నిస్ట్రియా ఇళ్లలో హీటింగు లేదు, వేడినీళ్లు లేవు, గంటల తరబడి కరెంటు కోతలు. ఆ గ్యాస్ ఒప్పందం గురించి ఆ ఇళ్లలో ముసలివాళ్లను అడిగినవాళ్లు ఎవరు?

అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు ఉండే నగోర్నో కరబాఖ్ సంగతి ఇంకా దారుణం. 1994 కాల్పుల విరమణ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు అక్కడి ఆర్మేనియన్లు తమదే దేశం అనుకుని బతికారు, సొంత పార్లమెంటు, స్కూళ్లు, అన్నీ. 2020లో 44 రోజుల యుద్ధంలో చాలా భూమి పోయింది, ఆర్మేనియాకు పోవడానికి లాచిన్ రోడ్డు ఒక్కటే మిగిలింది. 2022 డిసెంబరులో ఆ రోడ్డూ అజర్‌బైజాన్ వాళ్లు మూశారు. మన చిత్తూరు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పెద్ద జబ్బు చేస్తే మనం వేలూరు పోతాం కదా, ఆ దారి తొమ్మిది నెలలు మూసేసి, మందులు, బియ్యం కూడా రానివ్వకపోతే ఎట్లా ఉంటుందో అట్లా. దారి తెరవమని 2023 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశించింది, అయినా తెరవలేదు. సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ దాడి చేసింది, అక్కడి ఆర్మేనియన్లు ఒక్క రోజులో లొంగిపోయారు, కొద్ది రోజుల్లో లక్ష మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. 2024 జనవరి 1తో ఆ 'దేశం' రద్దు. ఇదే యుద్ధంలో మొదట, 1990ల్లో, లక్షల మంది అజర్‌బైజాన్ వాళ్లు కూడా ఇట్లాగే ఊళ్లు వదిలిపోయారు, అది కూడా చెప్పాలి, ఒకవైపు కన్నీళ్లే లెక్కపెట్టడం నాకిష్టం లేదు.

నేను అడిగేది ఒక్కటే. దేశంగా గుర్తించాలా వద్దా అన్న గొడవ ఇంకో యాభై ఏళ్లు సాగనివ్వండి, ఈలోపు అక్కడ పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం, పెళ్లికి రిజిస్ట్రేషను, చదువుకు సర్టిఫికెట్ బయట చెల్లాలి. ఇది నా సొంత కోరిక కాదు. నమీబియాను దక్షిణాఫ్రికా అక్రమంగా పట్టుకుని ఉన్నప్పుడు 1971లో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ మాటే చెప్పింది: ఆ పాలన చెల్లదు, కానీ జనన మరణాలు, పెళ్లిళ్ల నమోదు లాంటివి కొట్టేస్తే నష్టపోయేది అక్కడి ప్రజలే కాబట్టి వాటిని కొట్టేయకూడదని. మాల్డోవా అయితే 2017లో ట్రాన్స్‌నిస్ట్రియాతో కూర్చుని మాట్లాడి అక్కడి యూనివర్సిటీ డిగ్రీలు బయట చెల్లేలా ఏర్పాటు చేసింది, మరుసటి ఏడు అక్కడి కార్లకు వేరే నంబరు ప్లేట్లు ఇచ్చింది. దాంతో దేశంగా గుర్తించినట్టేమీ కాలేదు, పిల్లల చదువు మాత్రం పనికొచ్చింది. ఎంత చిన్న పని అది, మిగతా చోట్ల ఎందుకు చేయరు?

2022 ఏప్రిల్‌లో మన చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా విడిపోయినప్పుడు, సర్టిఫికెట్లలో పాత జిల్లా పేరు ఉంటే ఉద్యోగానికి చెల్లుతుందా అని మా ఇంట్లోనే ఎంత టెన్షన్ పడ్డామో. ఒకే రాష్ట్రంలో, కలెక్టరాఫీసుకు పోయి అడిగే వీలున్న మనకే అట్లా ఉంటే, అడగడానికి ఆఫీసే లేనివాళ్ల సంగతి ఏమిటి.

ఈ విషయం మీద ఒక పూర్తి పేజీ వ్యాసం వేయండి, అదీ ఇంటర్ ఫలితాలు వచ్చేలోపు. యూనివర్సిటీ అడ్రసు ఏ దేశంలో ఉంది, విమానం ఏ దారిన పోతుంది, ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా, అక్కడి ప్రభుత్వాన్ని మన దేశం గుర్తించిందా అనేవి తల్లిదండ్రులకు తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. మావాడు ఇప్పుడు చిత్తూరు పక్కన కాలేజీలో చదువుతున్నాడు. ఆ కన్సల్టెన్సీ బోర్డు మాత్రం మా వీధి చివర ఇంకా అట్లాగే ఉంది.

ఇట్లు
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
బైరాగిపట్టెడ, తిరుపతి