కొత్తవాడ ఇల్లు కాగితాలు తేలినయి, అందరికీ దండాలు

మొన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మావాళ్లు పదహారు మంది వరుసగా నిలబడి వేలిముద్రలు వేశారు. వరంగల్ కొత్తవాడలో మా తాత ఇల్లు, 160 గజాల జాగ. వాటాదారులు మొత్తం పదిహేడు మంది. ఆ పదిహేడో మనిషి సంగతి చివర్లో చెప్తా.

తాత జాగ కొన్నది ఫసలీ 1352లో, అంటే 1942-43. దస్తావేజు మొత్తం ఉర్దూ. మండిబజార్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ సారు రెండు సాయంత్రాలు భూతద్దం పట్టుకొని కూర్చున్నారు. మడత దగ్గర చిరిగి పోయిన అక్షరాలను కూడా పోల్చుకొని తెలుగులో చెప్పారు. డబ్బులు ఇవ్వబోతే చాయ్ చాలన్నారు. షుక్రియా సార్.

తాతకు ఐదుగురు పిల్లలు. పెదనాయిన భీవండి, చిన్నకాక సూరత్, ఇద్దరూ సాంచాల (మరమగ్గాల) పనికి పోయారు. పెదనాయిన మనవళ్ల ఫోన్ నంబర్లు అటుంచి, పేర్లే మాకు తెలియవు. ఒక బ్రోకరైతే "మీ అన్నదమ్ములు ముగ్గురి పేర్ల మీదే వారసుల సర్టిఫికెట్ తీసుకోండి, ఎవరడుగుతరు?" అన్నాడు. ఆ మాట చెప్పగానే మా వకీలు గారు ఫైలు మూసేశారు. వీలునామా లేకుండా పోయిన మనిషి స్వార్జితంలో 1956 చట్టం ప్రకారం ఆడబిడ్డలకూ సమాన వాటా ఉంటుందని చెప్పి, మా మేనత్తల పేర్లు రాశాకే ఫైలు మళ్లీ తెరిచారు.

భీవండి పద్మానగర్‌లో కులపెద్ద ఒకాయన మాకోసం గడపగడపా తిరిగారు. మా ఇంటిపేరోళ్లు అక్కడ చాలామందే ఉన్నారట. పెద్దత్త ఒక గుర్తు చెప్పింది: "మా అన్నకు ఎడమ బొటనవేలికి గోరు లేదు, మగ్గంల నలిగింది." ఆ మాట చెప్పగానే ఒక ముసలాయన "గోరు లేని మేస్త్రీనా?" అన్నాడట. పెదనాయిన ఎప్పుడో పోయారు గానీ పిల్లలు, మనవళ్లు ఏడుగురు దొరికారు. బజారు రేటుకు లెక్కగట్టి డబ్బు తీసుకొని, ఒక్క మాట అనకుండా రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే కాగితం) మీద సంతకాలు పెట్టారు.

ఇక ఆ పదిహేడో మనిషి, మా చిన్నకాక. పెళ్లి చేసుకోలేదు. 1994లో సూరత్‌లో గది ఖాళీ చేసి ఎటు పోయాడో తెలియదు. ఏడేళ్లు కబురు లేకపోతే పోయినట్టే లెక్క అంటుంది చట్టం, కానీ ఆ ముక్క కోర్టు చెప్పాలి. పేపర్లో ప్రకటన, తారీఖుల మీద తారీఖులు, రెండేళ్ల టెన్షన్. వకీలు గారి గుమాస్తా లేకుంటే సగం వాయిదాలు మాకు తెలిసేవే కావు. తమ్ముడూ, నీకు పెద్ద దండం.

కోర్టు డిక్రీ (తీర్పు కాగితం) వచ్చినరోజు పెద్దత్త అన్నం ముట్టలేదు. "వాడొస్తే వాని వాటా ఏది?" అంది. ఆ పైసలు ఆమె పేరు మీద బ్యాంకులో వేశాం. సూరత్‌లో లింబాయత్ వైపు డెబ్భై దాటిన, మన కొత్తవాడ మాట మాట్లాడే ఒంటరి మనిషి ఎవరికైనా కనబడితే, అక్క ఎదురుచూస్తోందని చెప్పండి.