ఏడాది గడువు సంగతి వ్యాపారికి ఎవరు చెప్పాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మన జిల్లా తీర మండలాల్లో వ్యాపారుల మధ్య తగాదాల గురించి మీ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. ఫలానావారు ఎదుటివారి సరుకు మీద పుకారు పుట్టించారనో, ఒకరికి కాగితం రాసిచ్చిన రైతులను మరొకరు లాక్కుపోయారనో, చివరికి పెద్దమనుషులు రాజీ కుదిర్చారనో రాస్తారు. నష్టపోయిన వ్యాపారికి సివిల్ కోర్టులో ఏ దారి ఉంది, ఆ దారి ఎన్నాళ్ళు తెరిచి ఉంటుంది అన్నది మాత్రం ఆ వార్తల్లో కనబడదు. ఆ గడువు తెలియక నష్టపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

విడవలూరు మండలంలో నాకు రొయ్యల మేత దుకాణం ఉంది. సీజను మొదట్లో రైతుకు చెరువులో వదిలే రొయ్య పిల్ల ఇప్పించి, మేత అరువుకిచ్చి, పట్టుబడి నాడు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, సరుకు నా ద్వారానే అమ్మాలని, ఆ సొమ్ములో నుంచి బాకీ మినహాయించుకోవాలని కాగితం రాసుకోవడం నా వ్యాపార పద్ధతి. ఒక సీజనులో తొమ్మిది మంది అలా రాసిచ్చారు. చెరువులు పట్టుబడికి వచ్చే వేళకు, ఇదే వ్యాపారం చేసే మరొకరు ఆ రైతులను ఒక్కొక్కరినే కలిసి, నేను ఇప్పించిన పిల్లలో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు ఉన్న సంగతి కొనుగోలుదారులందరికీ తెలిసిపోయిందని, నా చేతి మీదుగా వెళితే ధర తెగ్గొడతారని చెప్పారు. నాకు రాసిచ్చిన కాగితం చెల్లదని, కేసు పడితే తాను చూసుకుంటానని ధైర్యం కూడా ఇచ్చి, ఆరుగురి సరుకు తన లారీలకు ఎత్తించుకున్నారు. అదే మాట వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా కూడా తిరిగింది. ఆ పిల్లకు పీసీఆర్ పరీక్ష చేయించిన రిపోర్టు, అందులో ఏ జబ్బూ లేదని రాసిన కాగితం, అప్పటికి నా బల్ల సొరుగులోనే ఉంది.

స్టేషనుకు వెళితే ఇది సివిల్ తగాదా అన్నారు. కాగితం తప్పించిన వ్యవహారం వరకు ఆ మాట తప్పు కాదు. తరువాత పెద్దమనుషుల దగ్గర కూర్చున్నాం. ఒకసారి అవతలివారు రాలేదు, ఒకసారి పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు, ఒకసారి తిరునాళ్ళు అడ్డం వచ్చింది. నెల్లూరులో వకీలు గారి గుమ్మం ఎక్కేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. కాగితాలు చూడకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న పట్టుబడి తేదీ ఏమిటని. చెప్పగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

1963 నాటి కాలపరిమితి చట్టం షెడ్యూలులో 78వ అధికరణం ఇలా ఉంది: ఒకరు నాతో చేసుకున్న ఒప్పందాన్ని తప్పేటట్లు మూడో మనిషి ప్రేరేపిస్తే, ఆ మూడో మనిషి మీద నష్టపరిహారం దావా వేయడానికి నాకున్న గడువు ఒప్పందం తప్పిన తేదీ నుంచి ఒక్క సంవత్సరం. ఒప్పందం తప్పినవారి మీద అయితే 55వ అధికరణం ప్రకారం మూడేళ్ళు. వ్యాపారులందరికీ నోటికి వచ్చిన లెక్క ఈ మూడేళ్ళదే, ఎందుకంటే ప్రోనోటుకూ అదే గడువు. ఫలితం ఏమిటంటే, నా కేసులో పుకారు పుట్టించి లారీలు పంపినవారి మీద దారి మూసుకుపోయింది, ఆ పుకారుకు భయపడి సరుకు అమ్ముకున్న ఆరుగురు రైతుల మీద మాత్రం తెరిచే ఉంది. ఇందులో అన్యాయం ఉందని నాకు అనిపిస్తుంది గాని, చట్టం అలాగే ఉంది. పరువునష్టానికి సివిల్ దావా వేయాలన్నా గడువు ఏడాదే, రాతకైనా మాటకైనా. పోలీసు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన, పంచాయితీలో కూర్చున్నంత మాత్రాన ఈ రోజులు లెక్కలోకి రాకుండా ఆగవు.

గడువు సంగతి అలా ఉంచితే, దేన్ని తప్పు అనవచ్చో కూడా వ్యాపారులకు స్పష్టంగా తెలియాలి. పక్కవాడు కిలోకు ఐదు రూపాయలు ఎక్కువ ఇస్తాడు, మేత బస్తా మీద తగ్గిస్తాడు, నా దగ్గరికి వచ్చే రైతు అతని దగ్గరికి పోతాడు. దానికి కోర్టులో మందు లేదు. 1410లో ఇంగ్లండులోని గ్లోస్టరులో ఒకరు కొత్తగా బడి పెట్టినందువల్ల పాత బడి పంతులు గారు జీతం నలభై పెన్నీల నుంచి పన్నెండు పెన్నీలకు దించుకోవలసి వచ్చి దావా వేస్తే, నష్టం జరిగిన మాట నిజమే గాని హక్కుకు భంగం కలగలేదని కొట్టేశారు. అవతలివారి మనసులో కక్ష ఉందని రుజువు చేసినా సరిపోదు, చేసిన పని చట్టానికి విరుద్ధమై ఉండాలి. 1853లో లండనులో ఒక నాటకశాల యజమాని, తనతో ఒప్పందం ఉన్న గాయనిని ఎక్కువ సొమ్ము ఆశ చూపి ఎదుటి నాటకశాలవారు లాక్కుపోతే దావా వేశాడు. ఒప్పందం ఉందని తెలిసీ కావాలని తప్పించినవాడు బాధ్యుడేనని అక్కడి న్యాయమూర్తుల్లో ఎక్కువమంది తేల్చారు. మన కోర్టులూ ఆ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి. చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండటం, అది అవతలివారికి తెలిసి ఉండటం, వారు కావాలని తప్పించడం, దానివల్ల నష్టం రావడం, ఈ నాలుగూ నిలిస్తేనే కేసు నిలుస్తుంది.

ఈ నాలుగింటిలో మొదటి దాని దగ్గరే మనవాళ్ళు దొరికిపోతారు. నోటి మాట ఒప్పందం కూడా చట్టరీత్యా ఒప్పందమే, కాని రుజువు ఏది? చిట్టీ మీద రాసి జేబులో పెట్టుకున్న లెక్క, తేదీ లేని సంతకం, సాక్షిగా మన గుమాస్తా. నా దగ్గర కాగితాలు ఉన్నాయి గాని, వాటిలో రెండింటి మీద తేదీ లేదు. నష్టం సంగతీ అంతే. కచ్చా పుస్తకంలో ఒక లెక్క, జీఎస్టీ రిటర్నులో ఒక లెక్క ఉన్నవారు ఏ అంకె చూపించి పరిహారం అడుగుతారు? వాట్సాప్ సందేశాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. స్క్రీన్ షాట్ తీసి అచ్చు వేయించుకుంటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. మొదటగా సందేశం వచ్చిన ఫోనును అమ్మేయకుండా దాచుకోవాలి. నేను నా ఫోనును మా అబ్బాయికి ఇచ్చేశాను, వాడు అందులోదంతా తుడిచేసి కొత్తగా పెట్టుకున్నాడు.

అసలు మొదట పోవలసింది పరిహారం కోసం కాదని వకీలు గారు చెప్పారు. ఆరుగురిలో మొదటివారి చెరువు దగ్గరికి అవతలి లారీ వచ్చిన రోజునే కోర్టుకు వెళ్ళి ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద తాత్కాలిక ఇంజంక్షను, అంటే అవతలివారు సరుకు ఎత్తకుండా ఆపే కోర్టు ఉత్తర్వు, అడగగలిగేవాణ్ణి. కేసులో పైకి కనిపించే బలం ఉందా, ఆర్డరు ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తరువాత డబ్బుతో పూడ్చలేని నష్టమా అని కోర్టు చూస్తుంది. అవతలివారికి నోటీసు ఇచ్చేంత ఆలస్యంలోనే అసలు ఉద్దేశం దెబ్బతింటుందని తోస్తే, కారణాలు రాసి ముందే ఆర్డరు ఇవ్వవచ్చు. అలాంటప్పుడు ముప్పై రోజుల్లో దానిపై విచారణ ముగించడానికి కోర్టు ప్రయత్నించాలి. ఆ ఆర్డరును ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉన్నాయి. చెరువులో సరుకు నాలుగు రోజులు ఆగదు గనుక, మా వ్యాపారానికి పనికొచ్చే మందు ఇదొక్కటే అని నా అభిప్రాయం. పరిహారం దావాకు అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, ఆపైన ఏళ్ళ తరబడి తిరగాలి.

పుకారు విషయంలో క్రిమినల్ దారి కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను పరువునష్టానికి రెండేళ్ళ వరకు శిక్ష చెబుతోంది, సంస్థల పరువుకూ అది వర్తిస్తుంది. పోలీసులు తమంతట కేసు కట్టే నేరం కాదు గనుక మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. ఇక్కడ గడువు మూడేళ్ళు. కాని శిక్ష పడినంత మాత్రాన నా బాకీ తీరదు.

మేత బస్తా మీద, బియ్యం బస్తా మీద బొమ్మను, రంగులను కాపీ కొట్టే తగాదాలు వేరే. మార్కు రిజిస్టరు చేయించుకున్నవారికి 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద తమ ఊరి పరిధిలోని జిల్లా కోర్టులోనే దావా వేసే సౌకర్యం ఉంది. రిజిస్టరు కాకపోయినా పాత పేరు మీద హక్కు అడగవచ్చు గాని, రుజువు బరువు పెరుగుతుంది. మన దగ్గర పని నేర్చుకున్న హేచరీ (రొయ్య పిల్లను తయారుచేసే కేంద్రం) టెక్నీషియను పక్కవారి దగ్గరికి పోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. మానేశాక మరెక్కడా చేయకూడదని రాయించుకున్న బాండు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ముందు నిలవదు. కాంపిటీషన్ కమిషనుకు రాద్దామనేవారు కూడా ఉన్నారు. ఢిల్లీలోని ఆ సంస్థ మార్కెట్టు మొత్తంలో పోటీ దెబ్బతిన్నదా అని చూస్తుంది, రెండు ఊళ్ళ మధ్య ఆరు చెరువుల సరుకు అక్కడికి ఎక్కదు.

పెద్దమనుషుల మీద నాకు గౌరవం తగ్గలేదు. రాజీ కావాలనుకునేవారికి గడువు నష్టపోకుండా కూడా దారి ఉందని చెప్పడమే నా ఉద్దేశం. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వచ్చే, మూడు లక్షల రూపాయలకు తగ్గని తగాదాల్లో, తక్షణ ఇంజంక్షను అక్కర లేనప్పుడు, దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్ళి తీరాలి. అలా వెళ్ళిన రోజులు కాలపరిమితిలో లెక్కపెట్టరు. రచ్చబండ దగ్గర కూర్చున్న రోజులకు ఆ రక్షణ లేదు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థవారు ఊళ్ళలో న్యాయ విజ్ఞాన సదస్సులు పెడుతుంటారు. వాటిలో ఒక్కటైనా సీజను మొదలయ్యే ముందు, విడవలూరులోనో అల్లూరులోనో ఇందుకూరుపేటలోనో, మేత డీలర్లను, హేచరీలవారిని, రైతులను ఒకచోట కూర్చోబెట్టి ఈ విషయం మీదే పెట్టాలని కోరుతున్నాను. ఒప్పందం కాగితం ఎలా రాసుకోవాలో ఒక నమూనాను మీ పత్రిక అచ్చు వేస్తే, దుకాణంలో గోడకు అంటించుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. తగాదా వార్త రాసినప్పుడల్లా ఘటన తేదీని కూడా తప్పకుండా రాయమని మీ విలేకరులకు నా మనవి.

నా వరకు, ఆ ఆరుగురి మీద దావా వేయడానికి ఇంకా ఏడాదిన్నర గడువు ఉంది. నేను వేయడం లేదు. వారిలో ముగ్గురు ఈ సీజనులో మళ్ళీ నా దగ్గరే మేత తీసుకెళ్ళారు. ఈసారి కాగితాల మీద తేదీ వేయించాను.

ఇట్లు,
ఒక మేత వ్యాపారి,
విడవలూరు మండలం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.