వినికిడి యంత్రంతో పాటు అడిగే ధైర్యమూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో దివ్యాంగ విద్యార్థులకు వినికిడి యంత్రాలు పంచిన వార్తను మీ జిల్లా పేజీలో చదివి వారం దాటింది. యంత్రాలు అందినందుకు సంతోషమే. కానీ దాంతో ఆ పిల్లల చదువుకు ఇక ఏ అడ్డూ లేదన్నట్టు వేదికపై పెద్దలు ప్రసంగించడం నాకు బాధ కలిగించింది.

యంత్రం పాఠంతో పాటు ఫ్యాను రొదను, వరండాలో అరుపులను కూడా పెంచి వినిపిస్తుంది. ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలిక కూడా కనపడదు. అప్పుడు లేచి నిలబడి, 'వినపడలేదు సార్, ఇటు తిరిగి మరోసారి చెప్పండి' అని అడగాలని ఆ పిల్లలకు ఎవరు నేర్పారు? మా మనవరాలు ఏమీ వినపడకపోయినా అన్నింటికీ తల ఊపేది. ఈ నగరంలోనే ఒక పాఠశాలలో దాన్ని మొండితనమని తేల్చి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని తరగతి అందరి ముందూ అన్నారు.

అడగడం నేర్పడానికి మార్గం ఉంది. అమెరికాలో కరోల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు 1990ల ఆరంభంలో ఆటిజం ఉన్న పిల్లల కోసం 'సోషల్ స్టోరీస్' రూపొందించారు. పెద్దల మాటలు చెవిన పడటం వల్ల మిగతా పిల్లలకు వాటంతటవే అబ్బే నడవడిక వినికిడి లోపమున్న పిల్లలకు అలా అందదు కనుక, ఈ కథలు వీరికీ పనికొస్తాయి. ఒక బిడ్డకు ఎదురయ్యే ఒక సందర్భాన్ని ఆ బిడ్డ మాటల్లోనే, బొమ్మలతో, ఒకటి రెండు పేజీల్లో రాస్తే చాలు. 'నా స్నేహితులు వెనక నుంచి పిలిస్తే నాకు వినపడకపోవచ్చు. అందుకే వాళ్లు నా భుజం తట్టవచ్చు. అది కొట్టడం కాదు. ఉలిక్కిపడినా, వెనక్కి తిరిగి ఏమిటని అడుగుతాను.' మా ఇంట్లో ఇలాంటి కాగితాన్ని రోజూ చదివించిన తరువాతే, తట్టిన పిల్లలను తిరిగి కొట్టే అలవాటు తగ్గింది.

అయితే వీటిని 'అల్లరి చేయరాదు, నిశ్శబ్దంగా కూర్చోవాలి' అనే ఆజ్ఞల పట్టీగా మారిస్తే ప్రయోజనం ఉండదు. కథలో ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో వివరించే వాక్యాలే ఎక్కువగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కథను నమ్మి బిడ్డ చెయ్యెత్తిన రోజున ఉపాధ్యాయుడు విసుక్కోకుండా మళ్లీ చెప్పాలి. ఆయన కసురుకుంటే ఆ బిడ్డ ఇంకెప్పుడూ అడగదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో ఉచిత పరికరాల మాట ఎంత స్పష్టంగా ఉందో, ఉపాధ్యాయులకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్న మాట కూడా అంతే స్పష్టంగా ఉంది. మొదటిది ఫొటోలో పడుతుంది కనుక జరుగుతోంది, రెండోది పడదు కనుక ఎవరికీ పట్టడం లేదు. ప్రతి పథకమూ పంపిణీతో ముగిసిపోవడం మన అధికారులకు అలవాటైపోయింది.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లకు ఈ కథలు రాయడంలో శిక్షణ ఇప్పించి, యంత్రం అందుకున్న ప్రతి విద్యార్థి తరగతి ఉపాధ్యాయుడితోనూ వారిని కూర్చోబెట్టాలని జిల్లా విద్యాశాఖను కోరుతున్నాను. వచ్చే పంపిణీ సభకు వెళ్లే మీ విలేకరి, గతంలో యంత్రాలు పొందిన పిల్లల్లో ఎందరు వాటిని తరగతిలో పెట్టుకుంటున్నారో కూడా అధికారులను అడిగి ప్రచురించాలని మనవి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు