కార్పొరేటర్‌తో ముఖాముఖి సభ: కాలనీ కమిటీ జమా ఖర్చుల వివరణ

కాలనీవాసులందరికీ నమస్కారం.

గత నెల మన వీధి చివర పెట్టిన సభ లెక్క ఇది. వారంలో ఇస్తామన్నాం. ప్రెస్ బిల్లు చేతికి వచ్చేసరికి ఇంత ఆలస్యమైంది. ఈలోపు ‘కమిటీ డబ్బుతో కార్పొరేటర్‌కు ప్రచారం చేసిపెట్టారు’ అనే మాట టీ అంగడి దగ్గర మొదలై వాట్సాప్ గ్రూపు దాకా ఎక్కింది. అందుకే అంకెలతో పాటు నాలుగు మాటలు ఎక్కువే రాయాల్సి వస్తోంది.

జమ (రూపాయల్లో)
ఇంటికి 500 చొప్పున 61 ఇళ్లు: 30,500
మెయిన్ రోడ్డు అంగళ్లు ఏడు, 1,000 చొప్పున: 7,000
బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన కాలనీ అబ్బాయి ఫోన్‌పే చేసినది: 5,000
పోయిన వినాయక చవితి మిగులు: 2,340
మొత్తం: 44,840

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు. అడగకముందే ఇంటికి వచ్చి ఇచ్చి వెళ్లిన పెద్దలకు మరీ మరీ.

కార్పొరేటర్ గారి దగ్గర గానీ, వచ్చే కార్పొరేషన్ ఎన్నికలో ఆమె మీద పోటీకి దిగుతామంటున్న మిగతా ఇద్దరి దగ్గర గానీ ఒక్క రూపాయి తీసుకోలేదు. షామియానా ఖర్చు మేడమ్ చూసుకుంటారని ఆమె మనిషి వచ్చి చెప్పారు. వద్దన్నాం. ఆ రోజు అక్కడున్న వాళ్లే ఇప్పుడు అనుమానంగా మాట్లాడటం బాధగా ఉంది.

ఖర్చు
షామియానా, కుర్చీలు: 10,500
మైకు సెట్టు, లైట్లు: 4,000
గుంత పొంగణాలు, టీ: 5,850
నీళ్ల క్యాన్లు 20: 600
ఆటోలో మైకు చాటింపు: 1,500
అనుమతి దరఖాస్తులు, జిరాక్సులు: 340
సమాచార హక్కు దరఖాస్తు 10, నకళ్లు 86 పేజీలకు 172: 182
కరపత్రం మొదటి ప్రింటు, 1,000 కాపీలు: 5,800
కరపత్రం రెండో ప్రింటు, 1,000 కాపీలు: 6,400
మొత్తం: 35,172
మిగిలిన నిల్వ: 9,668

షామియానా మీద ఒక ప్రశ్న వచ్చింది. రామాలయం ఆవరణలో పెట్టుంటే పది వేలు మిగిలేవి కదా అని. గుడిని రాజకీయాలకు వాడకూడదని 1988 నుంచి చట్టమే ఉంది. మళ్లీ పోటీ చేస్తానని చెబుతున్న మనిషిని పిలిచి గుడిలో మైకు ఇస్తే రేపు కేసు ఎవరి మీద పడుతుంది? కమిటీ మీదే.

పొంగణాల గురించి అడిగిన వాళ్లు కూడా తిన్నారు కాబట్టి దాని మీద ఏమీ రాయడం లేదు.

ఇక అసలు గొడవ రెండోసారి ప్రింటు. 6,400 రూపాయలు ఎందుకు తగలేశారని అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు చెబుతాం.

2007లో తిరుపతి కార్పొరేషన్ అయింది. తొలి ఎన్నిక జరిగింది మాత్రం 2021 మార్చిలో. అన్నేళ్లు కాలువ నిండినా, లైటు పోయినా ఆఫీసుల చుట్టూ తిరిగాం తప్ప ఇదీ మా కార్పొరేటర్ అని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అందుకే ఈ ఐదేళ్ల లెక్క మేడమ్ నోటితోనే వినాలని, కాగితం మీద పెట్టి ఇంటింటికీ పంచాలని అనుకున్నాం. చేసిన పనుల జాబితా ఆమె ఆఫీసు నుంచి తీసుకున్నాం. అదే సమయంలో కార్పొరేషన్‌కు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. జవాబుకు చట్టం ఇచ్చే గడువు 30 రోజులు. సభ తేదీ ముందే ఖాయమైంది, కాబట్టి ఆమె ఆఫీసు ఇచ్చిన జాబితాతోనే ప్రింటుకు ఇచ్చాం.

ఆ జాబితాలో శ్రీనివాస సేతు సాధించినట్టు ఒక వాక్యం ఉంది. గరుడ వారధిగా మొదలై 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ వంతెనకు డబ్బు పెట్టింది టీటీడీ, స్మార్ట్ సిటీ. చెత్త పన్ను ఎత్తేయించినట్టు ఇంకో వాక్యం. అది రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం, మన డివిజన్‌కే కాదు, ఊళ్లన్నిటికీ పోయింది. ఇంతలో సమాచార హక్కు కాగితాలు వచ్చాయి. మన డివిజన్‌లో నాలుగు కాలువలు కట్టినట్టు జాబితా చెబుతోంది. రికార్డులో బిల్లు అయినవి రెండే. ఒకటి ఎస్టిమేట్ దగ్గరే ఆగింది. నాలుగోది పక్క డివిజన్‌ది!

ఇప్పుడు చెప్పండి, ఆ కరపత్రం పంచుంటే ప్రచారం చేసినట్టా, ఆపితే చేసినట్టా? కట్టలు విప్పకుండా ఆపేశాం. ఒక కాపీ మాత్రం ఎవరో ప్రెస్ దగ్గరే ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఇప్పుడు తిరుగుతున్నది ఆ ఫొటోనే. మిగతావన్నీ కార్యదర్శి ఇంట్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

తప్పులు సభలో చదివి వినిపిస్తే సరిపోయేది కదా అని ఒక సలహా. సభకు వచ్చింది నూటఇరవై మంది లోపే. కాగితం వెళ్లేది డివిజన్‌లోని ఇళ్లకు. రెండో ప్రింటులో మేడమ్ ఫొటో తీసేశాం. ఒక పక్క ఆమె చెప్పింది, ఇంకో పక్క రికార్డులో ఉన్నది వేశాం. ఒక పేజీ పెరిగింది, ప్లేట్లు కొత్తగా చేయాల్సి వచ్చింది, ప్రెస్ వాళ్లు పైసా తగ్గించలేదు. మేడమ్ అనుచరులు మా మీద అలిగారు. ఇటు మీరు కోప్పడుతున్నారు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. మేడమ్ సభకు వచ్చారు, మధ్యలో లేచి వెళ్లలేదు. వీధి లైట్లు, కాలువల్లో పూడిక తీత ఆమె చేయించినవే, రికార్డు కూడా అదే చెబుతోంది. ఇంటి పన్ను గురించి నిలదీస్తే, అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మార్చింది రాష్ట్ర చట్టమని, ఏటా 15 శాతం దాకా పెరిగేది అందుకేనని చెప్పారు. అది నిజమే. కౌన్సిల్‌లో దాని మీద ఎప్పుడైనా నోరు విప్పారా అంటే మాత్రం సమాధానం రాలేదు.

మళ్లీ గెలిస్తే ముందు తాగునీటి పైపులు, తర్వాత కుక్కల బెడద, మూడోది వీధి చివర కల్వర్టు అన్నారు. ఈ వరస మాకు నచ్చలేదు. 2021 నవంబరు వానలకు నీళ్లు ఇళ్లలోకి వచ్చింది ఆ కల్వర్టు దగ్గరే. దాన్ని మొదటికి తెమ్మని సభలోనే అడిగాం, మినిట్స్‌లో రాశాం. పోటీ చేస్తామంటున్న మిగతా ఇద్దరినీ ఇదే అడుగుతాం. రిజర్వేషన్ మారి మేడమ్‌కు ఇక్కడ అవకాశం లేకపోయినా ఆ కాగితం పనికొస్తుంది.

చందా రాయించుకుని ఇవ్వని ఇళ్లు 13 ఉన్నాయి. పేర్లు ఇక్కడ వేయడం లేదు. లెక్కలేవి అని గ్రూపులో రోజూ అడిగిన వాళ్లలో ఇద్దరు ఆ పదమూడులోనే ఉన్నారు. వాళ్ల 500 కూడా వస్తే బాగుంటుంది.

నిల్వ 9,668 రూపాయలు కమిటీ ఖాతాలో ఉన్నాయి. ఈ సొమ్ము ఏ అభ్యర్థి ప్రచార సభకూ వాడం. మిగతా ఇద్దరితో ముఖాముఖి పెట్టాలా, కల్వర్టు ఎస్టిమేట్ కోసం మళ్లీ దరఖాస్తు వేయాలా అనేది ఆదివారం సాయంత్రం 6 గంటలకు కోశాధికారి ఇంటి మేడ మీద తేలుద్దాం. రసీదు పుస్తకం, బిల్లులు, 86 పేజీల నకళ్లు అక్కడే ఉంటాయి.

ఇట్లు
కాలనీ కమిటీ